అత్తయ్య అరటిపండు

బంగాళాదుంప ముక్కలకు మూడోసారి నీళ్లు మార్చి మళ్లీ పొయ్యి మీద పెట్టాను. అత్తయ్యకు కిడ్నీ జబ్బు. డాక్టర్లు పొటాషియం తగ్గించమన్నారు కాబట్టి, రుచంతా పోయేదాకా ఉడికించడమే పది రోజులుగా నా పని. "ఆసుపత్రివాళ్లిచ్చిన కాగితం నా దగ్గరుంది. లెక్క నేను చూస్తాను, నువ్వు వంట చూడు," అన్నారు మా ఆయన. ఏది కలిపినా లెక్క దాటుతోందంటూ పళ్లెంలోంచి ఒక్కొక్కటే తీయించేశారు. తల్లంటే ఆయనకు ప్రాణం, ఆ భయంతోనే ఆవిడ కడుపు మాడ్చేస్తున్నారు. అత్తయ్య చిక్కి సగమైపోయింది. నిన్న ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక నా వంక చూసింది. నాకు ఏడుపొచ్చింది.

ఇవాళ బట్టలు నానబెడుతుంటే ఆయన చొక్కా జేబులో ఆ కాగితం దొరికింది. రోజుకు పొటాషియం యాభై మిల్లీమోల్స్. మిల్లీగ్రాములు కాదు, మిల్లీమోల్స్. తడి చేత్తోనే ఒకటికి రెండుసార్లు చదివాను. పొటాషియం ఒక మిల్లీమోల్ బరువు ముప్ఫై తొమ్మిది మిల్లీగ్రాములు. యాభైని ముప్ఫై తొమ్మిదితో గుణిస్తే పంతొమ్మిది వందల యాభై మిల్లీగ్రాములు, అంటే దాదాపు రెండు గ్రాములు. ఈయన యాభై మిల్లీగ్రాములే అనుకున్నారు. పెళ్లైన కొత్తలో అత్తయ్య, "ఎమ్మెస్సీ కెమిస్ట్రీనా? పోన్లే, కుక్కర్ కూతలు తప్పులేకుండా లెక్కపెడుతుంది," అని నవ్వింది. పదకొండేళ్లు అవే లెక్కపెట్టాను.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. "మీ లెక్కే కరెక్టండీ. అరటిపండు సగం పెట్టొచ్చు," అంది డైటీషియన్. "మీరేం చేస్తుంటారు?"

"ఇంట్లోనే ఉంటానండీ," అన్నాను, అలవాటు కొద్దీ. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే ఒళ్లు మండింది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి అత్తయ్య సగం అరటిపండును చంటిపిల్లలా కొంచెం కొంచెం కొరుక్కుంటోంది. ఆయన ముఖం పాలిపోయింది. కాగితం వెనక నేను వేసిన లెక్క చూపించాను.

"ముందే చెప్పొచ్చుగా," అన్నారు నీరసంగా.

"కాగితం చూపిస్తేగా."

అత్తయ్య తొక్క పక్కన పెట్టి, మూతి తుడుచుకుంది. "ఒరేయ్, రేపట్నుంచి వంట నువ్వు చూడు. లెక్క అది చూసుకుంటుంది."

ఆయన నవ్వి, కాగితం కోసం చెయ్యి చాపారు. ఆ చేతిలో గరిటె పెట్టాను. కాగితం మడిచి నా దగ్గరే ఉంచుకున్నాను.