నమూనా ఎన్

పెరూ దేశంలో, అయకూచోలోని మా పరిశోధన సంస్థ డాక్టర్ ఎలూతేరియో వామానీని బతికున్నప్పుడు ముప్పైయెనిమిదేళ్లు భరించింది, పోయాక ఏడాదికి గౌరవించింది. రెండూ నా కళ్లముందే జరిగాయి. నేనక్కడ గాజు సామాను కడిగేదాన్ని. కడిగే మనిషి ముందు ఎవరూ గొంతు తగ్గించుకుని మాట్లాడరు.

మా వైపు నాగజెముడు మీద పెరిగే చిన్న పురుగు నుంచి ఎర్ర రంగు తీస్తారు. ఆ రంగు పుల్లటి పదార్థాల్లో నిలవక అడుక్కి దిగిపోతుంటే, దిగకుండా నిలబెట్టడం పెద్దాయన పని. అందుకు సరైన తక్కెడ కావాలని పదకొండుసార్లు అర్జీ పెట్టాడు. డైరెక్టర్ వాషింగ్టన్ పాలొమీనో పదకొండుసార్లూ "పరిశీలిస్తున్నాం" అన్నాడు. చివరికి పెద్దాయన వెండిపని చేసే ఒకాయన్ని బతిమాలి, పాత తక్కెడ తెచ్చుకున్నాడు.

పెద్దాయన కూతురు దూరాన కంగాయో ఊళ్లో పంతులమ్మ. శనివారాలు మాత్రమే వచ్చేది. అందుకని మనవరాలు నెలిదాని ఎనిమిదో నెల నుంచీ తాతే పెంచాడు. పొద్దున్నే వీపుకి కట్టుకుని ప్రయోగశాలకి తెచ్చేవాడు.

"ఇక్కడికి పిల్లల్ని తేకూడదు, నియమం ఉంది," అన్నాడు డైరెక్టర్ ఒకరోజు.

"ఇది పిల్ల కాదండీ, నమూనా," అన్నాడు పెద్దాయన తల ఎత్తకుండా.

డైరెక్టర్‌కి అర్థం కాలేదు. అర్థం కానిదానికి అభ్యంతరం చెప్పే అలవాటు ఆయనకు లేదు. అలా ఆ పిల్ల మా పరీక్షనాళికల మధ్య నడక నేర్చింది, నేను తోమిన గరాటాలతో బూరలు ఊదింది. పెద్దాయన దాని సంగతులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు, అట్ట మీద "నమూనా ఎన్" అని పేరు పెట్టి.

సంస్మరణ సభకి లీమా నుంచి మంత్రిత్వశాఖ అధికారిణి ఒకామె వచ్చింది. ప్రయోగశాల తలుపుకి పెద్దాయన పేరుతో ఇత్తడి పలక బిగించారు. సభ మొదలయ్యే ముందు డైరెక్టర్ నా దగ్గరికి వచ్చాడు.

"జెనోబియా, ఆయన నోటుపుస్తకాల్లో ఏదైనా ఒకటి ఇవ్వు. చదివి వినిపించి, అద్దాల పెట్టెలో పెడదాం."

"ఏది ఇమ్మంటారు డైరెక్టరుగారూ?"

"ఏదైతేనేం? అన్నీ గొప్పవే కదా."

అన్నీ గొప్పవే అన్నాడు కాబట్టి, చేతికి అందింది ఇచ్చాను. చేతికి ఏది అందాలో నేను కాస్త చూసుకున్న మాట నిజమే.

"ఆయన అడిగిందేదీ మేం కాదనలేదు," అని మొదలుపెట్టాడు డైరెక్టర్. అదీ నిజమే, ఔనని కూడా అనలేదు. తర్వాత కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"నమూనా ఎన్. మొదటిరోజు. పాలను స్వీకరించలేదు. లేత గులాబి రంగు కలిపాను. సగం స్వీకరించింది. రెండోరోజు. రంగు పెంచాను. తీవ్రమైన ప్రతిచర్య. పాత్ర పగిలింది."

సభ చప్పట్లు కొట్టింది. అధికారిణి ఏదో రాసుకుంది.

"ఏడోరోజు. ఉష్ణోగ్రత ముప్పైతొమ్మిది. తడిగుడ్డతో తగ్గించే ప్రయత్నం. పక్కనుంచి లేవలేదు. ఎనిమిదోరోజు. ముప్పైయేడు. నమూనా..." డైరెక్టర్ ఆగి, పుస్తకం దగ్గరగా పెట్టుకున్నాడు. "నమూనా నవ్వింది."

డైరెక్టర్ దగ్గాడు. "మహా శాస్త్రవేత్తలు అప్పుడప్పుడూ అలంకారంగా రాస్తారు. రంగు తేటపడిందని అర్థం."

మళ్లీ చప్పట్లు.

"చాలా ముఖ్యమైన కృషి," అంది అధికారిణి. "దీన్ని కొనసాగించాలి. ఆ నమూనా ఇప్పుడెక్కడుంది? భద్రంగా ఉంచారా?"

"పూర్తిగా భద్రం. చల్లని గదిలో ఉంచాం," అన్నాడు డైరెక్టర్.

మూడో వరుసలోంచి నెలిదా లేచింది. ఇరవయ్యేళ్ల పిల్ల, నల్ల శాలువా కప్పుకుని ఉంది. "ఇక్కడే ఉన్నానండీ. పాలు ఇప్పటికీ తాగను."

ఎవరో వెనక కిసుక్కుమన్నారు. డైరెక్టర్ ముఖం మేము తీసే రంగుకి వచ్చింది. కానీ అంత తేలిగ్గా అడుక్కి దిగిపోయే మనిషి కాదు ఆయన. "చూశారా," అన్నాడు చేతులు చాచి. "మా సంస్థలో విజ్ఞానమూ కుటుంబమూ వేరు కావు." అధికారిణి అదీ రాసుకుంది. రెండు నెలలకి లీమా నుంచి ఉత్తర్వు వచ్చింది: నమూనా ఎన్ పరిశోధన మరో మూడేళ్లు కొనసాగించాలట. డైరెక్టర్ దాన్ని పరిశీలిస్తున్నాడు.

ఆ రోజు సభ అయ్యాక నెలిదా పుస్తకం ఇమ్మని అడిగింది.

"అది సంస్థ ఆస్తి అమ్మాయ్. అర్జీ మూడు ప్రతుల్లో ఇవ్వు," అన్నాడాయన.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అద్దాల పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది, రోజూ తుడవాలి కదా. పెద్దాయన ప్రయోగాల పుస్తకాల్లో పదహారో నంబరుది తెచ్చి అందులో పెట్టి, ఇది తీసి నెలిదా సంచిలో వేశాను. పుల్లపెరుగులో రంగు నిలబెట్టే పద్ధతి పెద్దాయన కనిపెట్టి రాసింది ఆ పదహారులోనే. ఆ పేజీయే తెరిచి పెట్టాను. వచ్చినవాళ్లంతా పెట్టె పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటున్నారు. ఇప్పటివరకు ఒక్కరూ వంగి చదవలేదు.

నెలిదా వెనక వసారాలో కూర్చుని పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి నాకు వినిపించింది. "ఇవాళ నమూనా నన్ను తాతా అంది. పొరపాటేమోనని మళ్లీ అడిగాను. మళ్లీ అంది. మూడుసార్లు ఒకే ఫలితం."

"ఆ రోజు నేనూ ఉన్నాను," అన్నాను. "నాలుగోసారి అడిగితే నువ్వు నిద్రపోయావు."

"మరి అది రాయలేదేం పిన్నీ?"

"కలం పక్కనపడేసి నిన్ను ఎత్తుకున్నాడే."