మాటు వేసిన మూత

పన్నెండు లీటర్ల అల్యూమినియం కుక్కర్‌ని నేను. కార్ఖానాలో నా మూతకు రెండు రంధ్రాలు పెట్టారు. ఒకటి కూత వేయడానికి. రెండోది మనుషుల మీద పెద్దగా నమ్మకం లేని ఇంజనీరెవరో చేసిన ఏర్పాటు. కూత రంధ్రం పూడుకుపోతే, రెండోదాంట్లో బిగించిన చిన్న వాల్వు కరిగి ఆవిరిని బయటికి వదిలేస్తుంది. ఒకసారి కరిగిందంటే కొత్తది వేయించాలి.

నన్ను కొన్నది మంగతాయారుగారు. కాకినాడలో కాలేజీ కుర్రాళ్లకు మెస్సు నడిపేవారు. బీరకాయ కూరయితే తొక్కు పచ్చడయ్యేది. గంజి ఆవిడ నేతచీరలకు పోయేది. ఎంత ఎండయినా బజారుకు నడిచే వెళ్లేవారు. చెప్పులకు కుట్టు మీద కుట్టు వేయించి, అసలు తోలు ఏదో తెలియకుండా చేశారు. కుర్రాళ్లు చాటున ఆవిడను పిసినారి అనుకునేవారు, కంచంలో మారు వడ్డన మాత్రం వద్దనేవారు కాదు.

ఒకనాడు పప్పు పొంగి నా కూత రంధ్రానికి అడ్డం పడింది. వాల్వు కరిగి ఆవిరి బుస్సున పోయింది. అప్పటికి భోజనాల వేళయింది. వంట చేసే వీరవేణి కంగారు పడి, "ఈ పూటకి గుడ్డ పీలిక కుక్కి కానిచ్చేద్దావండి, అమ్మగారూ," అంది.

మంగతాయారుగారు పొయ్యి ఆర్పేశారు. "చెప్పులంటే నావి, కుట్టించుకుంటాను. పొయ్యి దగ్గర నిలబడేది నువ్వు కదే," అన్నారు. ఆ ఒక్కసారే ఆవిడ రిక్షా ఎక్కడం నేను చూశాను. వాల్వు తెచ్చి బిగించేదాకా కుర్రాళ్లు ఆకలితో గొణుగుతూనే ఉన్నారు.

మోకాళ్లు మొరాయించాక ఆవిడ మెస్సును తమ్ముడు సూర్యప్రకాశానికి అప్పగించి, పిఠాపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. వీరవేణీ నేనూ మెస్సుతో పాటే ఆయన చేతికి వచ్చాం.

సూర్యప్రకాశానికి బజార్లో కొట్ల అద్దెలు వచ్చేవి. ఇస్త్రీ చొక్కా, వేలికి పచ్చరాయి ఉంగరం. ఆయన వచ్చిన వారానికే మజ్జిగ పలచబడింది. వీరవేణి అన్నం కుర్రాళ్లు తిన్నాక మిగిలితేనే. అడిగినవాళ్లకు "పొదుపండీ, మా అక్క నేర్పిన విద్య," అని చెప్పేవాడు. అంత పొదుపులోనూ ఆయన తనకు తాను మానుకున్నదేదీ నా కంట పడలేదు. మానుకున్నవాళ్లంతా ఇతరులే.

నా వాల్వు మళ్లీ కరిగింది. ఆయన కొత్తది కొనలేదు. వీధిలో గిన్నెలకు మాట్లు వేసేవాడు పోతుంటే పిలిచి, ఆ రంధ్రాన్ని సీసంతో పూడ్పించాడు. మాటు వేసేవాడే సందేహించాడు. "కుక్కరుకి ఇలా ఎయ్యకూడదు బాబూ," అన్నాడు.

"చెప్పింది చెయ్యి," అన్నాడు సూర్యప్రకాశం.

వీరవేణి కొన్నాళ్లు ఓపిక పట్టి ఒక పొద్దున అడిగింది. "బాబుగారండీ, కూత సరిగ్గా రావట్లేదండి. వాల్వు తెప్పించండి. భయమేస్తోందండి."

"మా అక్క ఇన్నేళ్లు ఇందులోనే వండించింది. అప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందా? నీకు కొత్త సామాన్ల మీద మోజు పుట్టింది," అన్నాడాయన. ఆమె వెళ్లి పప్పు కడగడం మొదలుపెట్టింది. ఆ పని మీదే ఆమె ఇల్లు గడవాలి.

శనగల పొట్టు అడ్డం పడిన రోజున ఆవిరికి దారి లేకపోయింది. లోపల బిగుసుకుపోతున్నది నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నాకున్నది ఆ కూత ఒక్కటే, అదీ మూసుకుపోయింది. వీరవేణి పొయ్యి తగ్గించడానికి చెయ్యి చాపింది. అప్పుడే నా మూత లేచిపోయింది.

ఆమె కేక ఇప్పటికీ నాలో ఉంది.

ఆసుపత్రిలో ఆమె ఉండగా మంగతాయారుగారు కర్ర పట్టుకుని పిఠాపురం నుంచి వచ్చారు. పెరట్లో పడి ఉన్న నా మూతను ఎత్తి, సీసం మీద వేలు పెట్టారు.

"ఇదేంట్రా?"

"మాటు వేయించానక్కా. చవగ్గా అయిపోయింది. ఆ వీరవేణే ఆవిరి పోకుండా మూత తీసింది. డాక్టరుకీ అదే చెప్పాను. అయినా దుబారా చెయ్యకూడదని నువ్వే కదా నేర్పావు."

ఆవిడ "ఇంకెప్పుడూ నా పేరెత్తకు," అని మూత కింద పెట్టి, నీళ్లయినా తాగకుండా వెళ్లిపోయారు.

తర్వాత వీరవేణి వచ్చింది. కుడిచేతి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కూరలు తరగలేను గానీ వడ్డన చేస్తానంది. "ఒక్క చేతికి సగం జీతమే న్యాయం," అన్నాడు సూర్యప్రకాశం. ఆమె పమిట చెంగు ఆ చేతి మీదికి లాక్కుని గేటు దాటి వెళ్లింది. "ఇన్నాళ్లు తిండి పెట్టినా విశ్వాసం లేదు," అన్నాడాయన భార్యతో.

నన్ను పాత సామాన్ల దుకాణానికి ఆయనే స్వయంగా తీసుకొచ్చాడు. సొట్టలు పోయిన గిన్నెకు పెద్దగా ఏమీ రాదని దుకాణదారు అన్నా, వినకుండా చాలాసేపు బేరమాడాడు. చివరికి తనన్న ధరకే ఒప్పించి, తృప్తిగా నవ్వాడు.

"మా ఇంట్లో ఏ వస్తువూ వృథాగా పోనివ్వనండీ నేను," అన్నాడు.

దుకాణదారు మెచ్చుకోలుగా తల ఊపి, నన్ను విసిరి కుప్ప మీద వేశాడు.