చరిత్రలో కార్యకర్తలు

"గంజి పెట్టని చొక్కా తొడుక్కోని నేనెట్టా పొయ్యేదే?" అంటూ మాల్యాద్రి దండెం మీది తెల్లచొక్కాను లాగి భార్య ముందు పడేశాడు.

పెంచలమ్మ తలెత్తలేదు. పొయ్యి మీద మైదాపిండి, పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసిన గిన్నెను కలియబెడుతోంది. చెయ్యి ఆపితే పిండి ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన పిండితో అంటించిన పుస్తకం అట్ట నెల తిరక్కుండా ఊడివస్తుంది.

"గంజి బర్రెకు పోసినా. అదన్నా పూటకు రెండు గిద్దెలు పాలిస్తది," అంది.

"ఈ పొద్దు గ్రంథాలయ చరిత్ర చదివి వినిపించాల. నాలుగు రోజుల్లో వార్షికోత్సవం."

"ఎవురికి వినిపించాల?"

"ప్రమీలమ్మగారికి. తప్పులుంటే దిద్దుతారు."

"అట్టా చెప్పండి మరి! ఆమె దిద్దేది కాయితాన్నా, చొక్కానా?"

అరుగు మీద ఆకు నములుతున్న అత్త పేరమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. మాల్యాద్రి నలిగిన చొక్కానే తొడుక్కుని, రాత కాగితాలు చంకన పెట్టుకుని విసురుగా వెళ్ళిపోయాడు.

ప్రమీలమ్మ బ్లాకాఫీసు గ్రామసేవిక. కోవూరు అమ్మాయి. రెండు నెలలుగా మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి దాకా గ్రంథాలయంలో ఆడవాళ్ళకు చదువు చెబుతోంది. ఆమెకు చేతి గడియారం ఉంది, గొడుగు ఉంది, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖంలోకి చూసే అలవాటు ఉంది. తన మొగుడు ఆమె పేరు రోజుకు ఎన్నిసార్లు ఎత్తుతాడో పెంచలమ్మ లెక్కపెట్టుకునేది. నిన్న పదకొండుసార్లు. ప్రతిసారీ చివర 'గారు' ఉంది. వాళ్ళిద్దరి మధ్య తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. తప్పుంటే పోట్లాడవచ్చు. లేనిదాన్ని పట్టుకుని ఎవరితో పోట్లాడుతుంది?

మొదటిరోజే ప్రమీలమ్మ పిలిచింది, "మీరూ రండక్కా, కూర్చోండి," అని. "నాకు పనుండాది," అని పెంచలమ్మ మొహం తిప్పుకుంది. ఆ తర్వాత రోజూ మూడింటికి ఆమెకు పని తగిలేది, లేకపోతే తగిలించుకునేది.

సముద్రానికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఆ చిన్న పట్నంలో గ్రంథాలయం పెట్టి పదిహేనేళ్ళయింది. రైసుమిల్లు సంజీవరావు ఇచ్చిన పెంకుటి వసారాలో నలభై రెండు పుస్తకాలతో మొదలయింది. దాన్ని చూసుకోవడానికి మాల్యాద్రి అప్పుడు నెలకు పదిహేను రూపాయలకు కుదిరాడు. మూడేళ్ళ కిందట జిల్లా గ్రంథాలయ సంస్థవారు దాన్ని శాఖగా తీసుకుని బోర్డు కట్టించారు, అతని జీతం నలభై ఐదు చేశారు. ఊడవడానికి మనిషి కావాలా అని పైనుంచి అడిగితే, "అక్కర్లేదండీ, మా ఇంటి మనిషే చూసుకుంటుంది," అని మాల్యాద్రి గర్వంగా రాసి పంపాడు.

ఉప్పుగాలికి కాగితం మెత్తబడుతుంది. కుట్లు వదులవుతాయి. పెంచలమ్మ దబ్బనంతో కుట్టి, గుడ్డ అట్టలు వేసేది. గుడ్డకు డబ్బులెక్కడివి? దర్జీ ముక్కలు కొన్ని, తన పాతచీరలు కొన్ని. ఆమెకు అక్షరం రాదు. అయినా ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో గుడ్డను బట్టి చెప్పేది. ఊరివాళ్ళూ అలాగే అడగడం నేర్చారు.

ఆ పొద్దున ఆమె పిండి గిన్నెతో వసారా ఎక్కేసరికి, చేపలగంప గుమ్మం బయట దించి నాగులమ్మ నిలబడి ఉంది. జువ్వలదిన్నె మనిషి. చూపు పోయిన మొగుడికి పక్కింటివాళ్ళ చేత చదివించడానికి వారానికో పుస్తకం తీసుకుపోతుంది. చరిత్ర వినడానికి పొద్దున్నే వచ్చిన ప్రమీలమ్మ రిజిస్టరు తిరగేస్తూ ఇబ్బంది పడుతోంది.

"పుస్తకం పేరేమిటమ్మా?"

"పేరు నాకేం తెలుసు తల్లీ! నీలం గళ్ళది. పోయిన వారం సగంలో ఆపేసినారు. దొంగ దొరికినాడో లేదో అని నా మొగుడు అన్నం తినకుండా ఉండాడు."

"నంబరైనా..."

పెంచలమ్మ గిన్నె దించి, రెండో బీరువా కింది అరలో చెయ్యి పెట్టి నీలం గళ్ళ పుస్తకం తీసి నాగులమ్మ చేతిలో పెట్టింది. "ఆ దొంగ దొరకడు గానీ, ముందు నీ మొగుడికి అన్నం పెట్టు పో."

నాగులమ్మ నవ్వుకుంటూ వెళ్ళింది. "మీరుంటే ఈ రిజిస్టరెందుకక్కా!" అంది ప్రమీలమ్మ. మనస్ఫూర్తిగానే అంది. ఆ మాటకు పొంగిపోవలసిన పెంచలమ్మకు ఒళ్ళు మండింది. మెచ్చుకోవడానికి ఈమె ఎవరు?

చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టింది. మాల్యాద్రి గొంతు సవరించుకుని చరిత్ర చదవసాగాడు.

"దాతలైన శ్రీ సంజీవరావుగారు తమ వసారాను ఉదారముగా నొసంగిరి... తుఫానునందు తడిసిన మూడు వందల గ్రంథములను కార్యకర్తలు పందొమ్మిది దినములు ఎండబెట్టి రక్షించిరి... ఇటీవల కుమారి ప్రమీలమ్మగారు మహిళా విభాగమును ప్రారంభించి స్త్రీలకు జ్ఞానభిక్ష పెట్టుచున్నారు..."

చీపురు ఆగిపోయింది.

మిల్లు కళ్ళంలో, ధాన్యం ఆరబోసే చోట, ఆ పందొమ్మిది రోజులూ పెంచలమ్మ ఒక్కతే కూర్చుంది. ప్రతి రెండు కాగితాల మధ్యా ఊది, వేపాకు పెట్టి, తిరగేసి, మళ్ళీ ఊది. వేళ్ళు పాచిపోయి అన్నం కలుపుకోలేకపోతే అత్త ముద్దలు చేసి పెట్టింది. రెండు నెలల కిందట వచ్చిన మనిషికి పేరుంది. ముందు 'కుమారి' ఉంది. వెనక 'గారు' కూడా ఉంది.

"తుఫానప్పటి కార్యకర్తలెవరండీ?" అని ప్రమీలమ్మ అడిగింది. "వాళ్ళ పేర్లు కూడా వేస్తే బాగుంటుంది."

మాల్యాద్రి నవ్వాడు. "కార్యకర్తలంటే ఇంకెవురమ్మా, మా ఇంట్లోదే."

"అక్కగారా! మరి రాయరేం?"

"బలేవారే! పెళ్ళాం పేరు నోటితో పలికేదానికే సిగ్గుగదా, సభలో చదివేదానికి రాసుకుంటే నలుగురూ నవ్వరూ?"

"సరే, మీరు రాయొద్దు." ప్రమీలమ్మ కాగితాన్ని, పెన్నును బల్ల చివరకు జరిపింది. "అక్కా, మీరే రాయండి."

ఆమె ఎగతాళికి అనలేదు. పెంచలమ్మకు అక్షరం రాదని ఆ క్షణం మరిచిపోయింది, అంతే. పదిహేనేళ్ళు పుస్తకాల మధ్య బతికిన మనిషికి రాదని ఎవరికి మాత్రం గుర్తుంటుంది? పెంచలమ్మ పెన్ను వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. అతను కాగితాలు సర్దుకుంటున్నాడు. ఈ పదిహేనేళ్ళలో తానొకసారి అడిగింది, 'అ' ఎట్టా రాస్తారని. "నీకెందుకు, నేనుండా గదా," అన్నాడు. అది గుర్తొచ్చింది. ప్రమీలమ్మకు తన తప్పు తెలిసి ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపును చూడడం కన్నా ఆమె నవ్వి ఉంటేనే బాగుండుననిపించింది పెంచలమ్మకు. చీపురు అక్కడే వదిలి ఇంటికి వచ్చేసింది.

మధ్యాహ్నం మాల్యాద్రీ పేరమ్మా పీటలు వాల్చుకున్నారు. చింతకాయ పచ్చడి, వంకాయ కూర, చారు. పెంచలమ్మ వడ్డించింది.

"ఏందది, సగం ఊడ్చి వచ్చేసినావు?" అన్నాడు మాల్యాద్రి కలుపుకుంటూ. "రేపు తెల్లారేసరికి వసారా అంతా అలకాల. అట్టలెయ్యాల్సిన పుస్తకాలు ఇంకా ఇరవై ఉండాయి."

"నేను రాను."

"ఒళ్ళు బాగలేదా?"

"బాగానే ఉండాది. ఊడ్చను, అలకను, అట్టలు కట్టను. మా ఇంటి మనిషి మానేసిందని పైకి రాయండి, ఇంకో మనిషిని పంపిస్తారు."

ముద్ద అతని చేతిలోనే నిలిచిపోయింది.

"ఈ పొద్దు మూడింటికి మాత్రం వస్తా," అంది పెంచలమ్మ. "అందరి మాదిరే బల్ల మీద కూర్చోని అక్షరాలు నేర్చుకుంటా."

"ఆమె దగ్గరా? ఆమె పేరెత్తితే నీకు మండద్ది గదా!"

"మండద్ది. ఇప్పుడూ మండతానే ఉండాది. అయినా ఆమెకొచ్చింది నాకూ రావాల. మీరు రాసేదానికి సిగ్గుపడే పేరు నేనే రాసుకుంటా."

"ఆ ఉత్సవమేదో అయినాక పోరాదమ్మా?" అంది పేరమ్మ, కొడుకు ముఖం చూసి.

"పదిహేనేళ్ళు అయినాక పోతుండా అత్తా. ఇంకా ఏం అయిపోవాల?"

మాల్యాద్రి చారు కోసం పళ్ళెంలో అన్నాన్ని గుంట చేసి ఎదురు చూశాడు. పెంచలమ్మ చారు గిన్నె జోలికి పోకుండా, వాళ్ళ పక్కనే పీట వాల్చుకుని, తన పళ్ళెంలో అన్నం పెట్టుకోసాగింది. అతను తల్లి వైపు చూశాడు. పేరమ్మ తల వంచుకుని తన పళ్ళెంలోకే చూస్తోంది.