చక్రానికీ బండికీ మధ్య నేను

నేను ఒక వీల్ స్పేసర్‌ని. వేలెడు మందం అల్యూమినియం బిళ్ళని. మధ్యలో పెద్ద చిల్లు, ముఖాన నాలుగు బోల్టులు. కారుకీ చక్రానికీ మధ్య నిలబడి చక్రాన్ని కాస్త బయటికి జరపడం నా ఉద్యోగం. ఆ అవసరం దేవుడు పుట్టించింది కాదు, చీరాలలో ఫణీంద్ర పుట్టించాడు.

కారుతో పాటు వచ్చిన ఇనప చక్రాలు బాగానే తిరుగుతున్నాయి. బాగా తిరిగేదాన్ని చూస్తే మగవాళ్ళకి తోచదు కాబోలు, మెరిసే అల్లాయ్ చక్రాలు కొనుక్కొచ్చాడు. అవి వెడల్పెక్కువై లోపల రాసుకున్నాయి. తిరిగిచ్చేస్తే పరువు తక్కువ కదా, అందుకని వాటిని సరిపెట్టడానికి మమ్మల్ని నలుగుర్ని తెప్పించాడు. కార్ఖానాలో నన్ను చెక్కినాయన నా ముఖం మీద వెంట్రుకంత ఎత్తుపల్లం లేకుండా ఎంత కష్టపడ్డాడో! ఎవరింటికి పోతానో ఆయనకేం తెలుసు, పాపం.

ఫోన్లో వీడియో ఉండగా మెకానిక్ ఎందుకు? శుక్రవారం పొద్దున్నే వాకిట్లో జాకీ వేశాడు. అంతలో వాళ్ళమ్మ కోటేశ్వరమ్మగారు పళ్ళెం పట్టుకుని వచ్చింది. నా ముఖానికి పసుపు ముద్ద మెత్తి, కుంకం అద్దింది. చక్రం వచ్చి ఆనుకోవలసిన చోటే, అచ్చంగా అక్కడే.

వీడియోలో మనిషి ముఖం శుభ్రంగా తుడవమంటున్నాడు, దుమ్ము కూడా ఉండకూడదంటున్నాడు. ఫణీంద్ర భార్య హైమ ఏడో నెల పిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఏవండీ, తుడవమంటున్నాడు కదా."

"శుక్రవారం పూట బొట్టు తుడుస్తారటే అమ్మాయ్ ఎవరన్నా?" అంది కోటేశ్వరమ్మ.

ఫణీంద్ర అమ్మనీ చూశాడు, పెళ్ళాన్నీ చూశాడు, వీడియో ఆపేశాడు. కొంత దూరం నడిపాక నట్లు మళ్ళీ బిగించుకోమని వీడియోలో మనిషి చెప్పబోయిన మాట ఎవరూ వినలేదు. తడి పసుపు మీదే చక్రం ఎక్కించి బిగించాడు.

ఆదివారం పిల్ల అన్నప్రాసనకి ఒంగోలు, హైమ పుట్టింటికి బయల్దేరారు. పసుపు అప్పటికే ఎండి పొడైంది. పొడి రాలేకొద్దీ నాకూ చక్రానికీ మధ్య సందు, సందు వచ్చేకొద్దీ నట్లు వదులు. నేను వెనక ఎడం చక్రంలో ఉన్నాను. హైమ పిల్లని ఒళ్ళో పెట్టుకుని సరిగ్గా నా పైన కూర్చుంది.

"ఏవండీ, ఏదో టక్ టక్‌మంటోంది."

"రోడ్డు అలా ఉంది."

"కాదండీ, చక్రం దగ్గర్నించే."

"నీకు మిక్సీ వేసినా భయమే, కుక్కర్ కూసినా భయమే," అని పాటల సౌండు పెంచాడు. శబ్దం పోయింది. ఇంత సులువైన వైద్యం ఉందని నాకూ తెలీదు.

బండి తొంభై మీదుంది. నాకొచ్చిన భాష టక్ టక్ ఒక్కటే, అది అర్థమయ్యేది ఆ పిల్లతల్లికి ఒక్కదానికే. చక్రం ఊడితే ముందు ఒరిగేది వాళ్ళిద్దరున్న వైపే.

"అయ్యో, పిల్ల సీటు మీద కక్కేసింది!" అని హైమ కేక పెట్టింది.

భయానికి ఆగని బండి సీటు కవరుకి ఆగింది.

పిల్ల కక్కలేదు, బోసినోటితో నవ్వుతోంది. హైమ దిగి వంగి నట్టు పట్టుకుంది. సీసా మూతలాగా రెండు వేళ్ళకే తిరిగింది. రెండోదీ తిరిగింది. మూడోది అసలు లేదు.

"చూశార్రా, బొట్టు పెట్టబట్టే క్షేమంగా ఆగాం," అంది కోటేశ్వరమ్మ, ముందు సీట్లోంచి దిగకుండానే.

"బిగించేస్తాలే, ఎక్కు," అన్నాడు ఫణీంద్ర.

"పాత చక్రాలు వచ్చేదాకా నా పిల్ల ఈ బండి ఎక్కదు."

"ముహూర్తం దాటిపోతుందే!"

"దాటనీండి అత్తయ్యా. అన్నం రేపైనా తింటుంది."

ఫణీంద్ర ఆటోలో వెనక్కి వెళ్ళి, నాలుగు ఇనప చక్రాల మధ్య ఇరుక్కుని తిరిగొచ్చాడు. మమ్మల్ని ఊడదీసి డిక్కీలో పడేశాడు. హైమ ఒక్కో నట్టూ వేళ్ళు కందేదాకా తిప్పి చూసింది, ఒక్కటీ కదల్లేదు. అప్పుడు ఎక్కింది.

బండి కదిలింది. ఇక నేను మాట్లాడే పని లేదు. కాసేపటికి వెనక సీట్లోంచి హైమ గొంతు.

"ఏవండీ, మళ్ళీ ఏదో వినబడుతోంది."

నాకైతే నిద్రపోతున్న పిల్ల గురక తప్ప ఏమీ వినబడలేదు. ఫణీంద్ర బండి పక్కకి తీసి ఆపాడు.