పెద్ద ట్యాంకుకు తోడు

ఊరి మురుగంతా చేరే శుద్ధి కేంద్రంలో ఆమె ఇరవై రెండేళ్ళుగా ఆపరేటరు. పొద్దున్నే పెద్ద ట్యాంకులోంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుంది. అందుకే తోటివాళ్ళు చుక్కలమ్మ అని పేరు పెట్టారు. ఆ చుక్కలో మురుగును తినే సూక్ష్మజీవులుంటాయి, వాటిని తిని బతికేవి మరికొన్ని ఉంటాయి. అవన్నీ కడుపునిండా తింటేనే నీళ్ళు తేటపడి ఏట్లో కలుస్తాయి. సన్నటి కాడ మీద గంటలా ఊగే జీవాలు నాలుగైదు కనబడితే చాలు, ఆమె నిశ్చింతగా టీ తాగుతుంది.

కొత్తగా వచ్చిన అధికారికి కేంద్రం వాసన పడలేదు. మర్నాడు పైనుంచి ఎవరో చూడటానికి వస్తున్నారని, పెద్ద ట్యాంకులో నాలుగు డ్రమ్ముల బ్లీచింగ్ పోయమన్నాడు.

"వద్దండీ. లోపలున్నవన్నీ చస్తాయి," అంది ఆమె.

"చావాల్సినవే కదమ్మా? క్రిములేగా!"

"ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా, సార్?"

అతను వినలేదు. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాక, దగ్గరుండి పోయించాడు.

మర్నాడు పొద్దున వాసన లేదు. చుక్కలో కదలికా లేదు. ఆమె మరో చుక్క తీసింది, ఇంకోటి తీసింది. గంటల కాడలు తెగి, చిరిగిన దారాల్లా పడి ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే ట్యాంకు అవతల కాలువలో బియ్యం కడిగిన నీళ్ళలాంటివి ఏటివైపు పోతున్నాయి.

ఏటి దిగువన మైలు దూరంలో ఆమె అక్కమొగుడి చేపల చెరువుంది. వెంటనే ఫోన్ చేసింది.

"బావా, తూము మూసెయ్. ఇప్పుడే. పక్క చెరువులవాళ్ళకీ చెప్పు."

"మూస్తే నీళ్ళు మారవు కదే! ఈ ఎండకి చేపలు ఊపిరాడక చస్తాయి."

"తెరిచి ఉంచితే ఒక్కటీ మిగలదు."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు బావా."

చూడటానికొచ్చినవాళ్ళు వాసన లేదని మెచ్చుకుని వెళ్ళారు. మూడో రోజుకి ట్యాంకు కుళ్ళి, కంపు రెండు వీధుల అవతలికి పాకింది. ఏటి ఒడ్డున తెల్లటి పొట్టలతో చేపలు తేలాయి. కొంగలు రెండు రోజులు పండగ చేసుకుని, తర్వాత తినడానికేమీ లేక ఎటో వెళ్ళిపోయాయి.

అధికారి ఆమె గదిలోకి వచ్చి నిలబడ్డాడు. "ఏం చేద్దామంటారు?"

"పక్క ఊరి కేంద్రం నుంచి బతికున్న బురద తెప్పించండి. పాలకి తోడేసినట్టు మన ట్యాంకులో కలపాలి. తర్వాత గాలి కొడుతూ కూర్చోవడమే."

"ఎంత తెప్పించాలి?"

"ఆరు ట్యాంకర్లు. ఈలోగా ట్యాంకుని ఎవరూ ముట్టుకోకూడదు. మీరు కూడా."

అతను తలూపాడు. ట్యాంకర్లు ఆ సాయంత్రమే వచ్చాయి.

బురద కలిపిన నాలుగో రోజున చుక్కలో ఏవో చిన్నవి ఈదాయి. తొమ్మిదో రోజున వాటిని వేటాడేవి వచ్చాయి. పద్నాలుగో రోజున ఒకే ఒక్క గంట కాడ మీద ఊగుతూ కనబడింది. నీళ్ళు తేరుకోవడం మొదలైంది. ఆమె తూము తెరవమని బావకు కబురు పంపింది.

ఆ ఆదివారం తానే చెరువు దగ్గరికి వెళ్ళింది. చేపల్లో మూడో వంతు పోయాయి. ఆలస్యంగా తూము మూసిన పక్క చెరువులో ఒక్కటీ మిగల్లేదు. బావ గట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"నీ పురుగులు బాగున్నాయా?" అన్నాడు.

"తింటున్నాయి."

"తిననీ," అన్నాడతను. వల రెండో కొస పట్టుకోమని ఆమె వైపు విసిరాడు.