ఫ్యానుకి కాపడం

ఆ ఉదయం హేమకి ఏడుపొక్కటే తక్కువ. కంప్యూటర్ ఆన్ చేసిందో లేదో, డబ్బాలోని ఫ్యాను గుర్రుమంటూ లంకించుకుంది. ఈ ఒక్క పూటైనా నోరు మూసుకుంటుందేమోనని ఆశపడ్డందుకు తనను తానే తిట్టుకుని కంప్యూటర్ ఆపేసింది.

సంగతేమిటంటే, ఆమె పాఠాలు చెప్పే బడి వేసవిలో మూతపడింది. అప్పట్నుంచీ ఓ కంపెనీ తరఫున పొద్దున్నే ఎక్కడెక్కడి పిల్లలకో ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతోంది. ఆ కంప్యూటర్ ఆమె భర్త సాల్మన్ పాత భాగాలన్నీ ఏరుకొచ్చి స్వయంగా బిగించింది. నడుస్తుంది, కాదనడానికి లేదు. కానీ ఆ చప్పుడుందే! పోయిన వారం కంపెనీ మేడం ఫోన్ చేసి, "మీ వెనకాల పిండిమర ఆడుతోందా అండీ? సోమవారం నేనే క్లాసులో కూర్చుంటాను. అప్పుడూ ఇలాగే ఉంటే మీ పిల్లల్ని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం," అని మొహమ్మీదే చెప్పేసింది. ఆ సోమవారం ఇదే. సాల్మన్ చూస్తే ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువుల కాపలాకి పోయి ఇంకా ఇల్లు చేరలేదు.

ఫ్యాను పీకేద్దామంటే, అది తిరక్కపోతే వేడెక్కి మొత్తం ఆగిపోతుంది. దుమ్ము దులిపారు, మరలు బిగించారు. వానాకాలంలో అత్తగారు దానమ్మ మాట విని, ఫ్యాను నడిమధ్య అంటించిన కాగితం ఒలిచి కొబ్బరినూనె చుక్కేశారు. ఆ ఇంట్లో తలుపు కిర్రుమన్నా అదే మందు, కుట్టుమిషను మొరాయించినా అదే, మోకాలు పట్టేసినా అదే. ఫ్యాను కుక్కిన పేనులా పడుంది. చలి మొదలయ్యాక కథ మళ్ళీ మొదటికొచ్చింది. పొద్దున్నే రొద, ఎండెక్కితే ఏమీ ఉండదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

విసిగిపోయింది మనిషి. ఏదైతే అదే అవుతుందని జడ వేసుకోవడానికి కూర్చుంది. నూనె సీసా అరచేతిలోకి వంచితే చుక్క రాలలేదు. లోపల నూనె తెల్లగా పేరుకుపోయి ఉంది. హేమ సీసా వంక చూసింది, కంప్యూటర్ వంక చూసింది.

"అయ్యో నా రాత! అత్తయ్యగారూ, మనం పోసిన నూనేనండీ! దాన్లోనూ గడ్డకట్టేసింది!"

దానమ్మ వంటింట్లో పెనం మీద ఉప్పు వేయించుకుంటోంది. చలి ముదిరిన దగ్గర్నుంచీ దగ్గు ఆమెను నిలవనివ్వడం లేదు. గుండెల మీద కాపడం పడితే గానీ ఊపిరాడ్డం లేదు. కోడలి కేక విని, వేడి ఉప్పు గుడ్డలో మూటగట్టుకుని వచ్చింది.

"నేనే కదమ్మా పొయ్యమన్నాను. ఇదిగో, దీన్ని పట్టు దానికి."

"అది మీకు కదండీ."

"నాకు తర్వాత చూసుకుందాంలే. అవతల టైమైపోతంది."

డబ్బా మూత తీసి, మూటను ఫ్యాను మధ్యలో ఆనించి పట్టుకున్నారు. కాసేపటికి వేలితో కదిపితే తేలిగ్గా తిరిగింది. ఆన్ చేస్తే చప్పుడు లేదు. హేమకి నవ్వొచ్చింది, ఎన్నాళ్ళకో.

"చల్లారితే మళ్ళీ పేరుకుంటదేమో. నేనిక్కడే ఉంటాను," అంటూ దానమ్మ బల్ల కిందకి దూరి, డబ్బా వెనక రేకుకి మూట ఆనించి కూర్చుంది.

"మరి దగ్గొస్తేనండీ?"

"రాదులే. నువ్వు పాఠం చెప్పుకో."

పాఠం మొదలైంది. భిన్నాలు. తెర మీద ఓ మూల మేడం మొహం, నవ్వూ లేదు, కోపమూ లేదు. హేమ హారం, లవం అని చెబుతూనే ఉంది. ఇంతలో ఆమె కాలికి ఆనుకున్న దానమ్మ భుజం అదిరింది. ఆగి, మళ్ళీ అదిరింది. చప్పుడు మాత్రం లేదు. పాఠం ఆపేసి కిందకి వంగుదామని హేమ ప్రాణం కొట్టుకుంది. వంగలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెబుతూనే ఉంది.

పిల్లలు వెళ్ళిపోయాక మేడం, "ఇవాళ బాగుందండీ. మీ బ్యాచి మీకే ఉంటుంది," అంది.

"ఆయ్, మంచిదండీ."

కంప్యూటర్ కట్టేసి వంగి చూసింది హేమ. దానమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి, మొహమంతా నీళ్ళు. చేతులు మాత్రం మూటను రేకుకి అదిమిపట్టే ఉన్నాయి. కోడలిని చూసి కొంగు తీసింది.

"కట్టేసేవా అమ్మా? ఇంక దగ్గొచ్చా?"

"దగ్గండి అత్తయ్యగారూ," అంది హేమ.

దానమ్మ దగ్గింది. అంతసేపూ ఆపుకున్నదంతా దగ్గింది. హేమ కూడా బల్ల కిందకి దూరి ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. కాస్త సర్దుకున్నాక ఆమె చేతిలోంచి మూట అందుకుంది. అది ఎప్పుడో చల్లారిపోయింది. మళ్ళీ వేడి చెయ్యడానికి వంటింట్లోకి నడిచింది.