క్రషర్ బట్టలు ఎవరు దులుపుతారు?

పొద్దున చేసే పనుల్లో నాకు బొత్తిగా గిట్టనిది కుమార్ డ్యూటీ బట్టలు దులపడం. నా భర్త ఊరి అవతలి క్రషర్‌లో కంకర మిషన్ మీద ఉంటాడు. జేబుల్లో, కాలరు మడతలో, ఆఖరికి గుండీల సందుల్లో కూడా తెల్లటి దుమ్మే. అలాగే నానబెడితే బకెట్ అడుగున బురద పేరుకుంటుంది. అందుకని పెరట్లో దండెం మీద వేసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కట్టెతో కొడతాను. తలుపు దగ్గర కూర్చుని దగ్గుతూ మా అత్త ఎస్తేరు చూస్తుంటుంది. "ఎమ్మెస్సీ సదివినవ్ గని సొక్క దులుప రాకపాయె. గట్టిగ కొట్టు," అంటుంది. గట్టిగా కొట్టి, వంట చేసి, డబ్బాలు సర్ది, జనగామ బస్సెక్కుతాను.

జనగామలో నా పని లెక్కలు. క్రషర్లున్న ఊళ్లలో జనం ఊపిరితిత్తుల మీద దుమ్ము ఎంత పనిచేస్తోంది, వంట పొగ ఎంత, పేదరికం ఎంత అని తేల్చే సర్వే అది. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. వచ్చిన ఫారాలను విడదీసి, పోల్చి, ఏది దేనికి కారణమో చూసేది నేనే. మీటింగుల్లో టీ అందించేది కూడా నేనే. అది ఎవరు అప్పగించారో నాకిప్పటికీ తెలియదు.

మొదటి విడతలో మగవాళ్ల దగ్గుకు కారణం దొరికింది. ఆడవాళ్లది దొరకలేదు. ఫారంలో 'గృహిణి' అని కొట్టగానే పక్క గడిలో 'దుమ్ము తగలదు' అని దానంతట అదే పడుతుంది. దుమ్మే తగలని మనిషి ఇంతలా ఎందుకు దగ్గుతోంది? "పొయ్యి పొగ అయ్యుంటదమ్మా," అన్నారు మా సర్వే పెద్ద వెంకట్రాం సార్, తల ఎత్తకుండానే. గ్యాసు ఉన్న ఇళ్లను వేరు చేసి చూశాను. దగ్గు తగ్గలేదు. పక్కపక్క ఇళ్లను పోల్చాను. క్రషర్‌కు పోయే మనిషి ఉన్న ఇంట్లో ఆడది దగ్గుతోంది, లేని ఇంట్లో దగ్గడం లేదు. మర్నాడు పెరట్లో కట్టె ఎత్తిన నా చేయి గాల్లోనే ఆగిపోయింది. ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే చెప్పలేనంత కోపం వచ్చింది.

ఒక్క ప్రశ్న చేర్చమన్నాను: మీ ఇంట్లో క్రషర్ బట్టలు ఎవరు దులుపుతారు? సార్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఇది సైన్సా, సంసారమా రూతమ్మా?"

"రెండు సార్. ఇన్ని దినాలు మనం ఒక్కటే లెక్కవెట్టినం," అన్నాను. అందరి ముందూ అన్నాను.

రెండో విడత ఫారాలు వచ్చాయి. దులిపే ఆడవాళ్లలో దగ్గు, దులపని వాళ్ల కంటే రెట్టింపు. ఆ ప్రశ్న నాది. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరక్కపోయినా మహారాణిలా నిలబడి వచ్చాను.

ఇంట్లో మాత్రం కుమార్ మండిపడ్డాడు. "ఊరూరికి గదే అడుగుతున్నరంట. అది పెట్టింది నువ్వేనని ఓనర్‌కు తెలిస్తే నా నౌకరి ఉంటదా? తీసెయ్ దాన్ని."

"తియ్య."

"నా జీతంతోని ఇల్లు నడుస్తుంది, యాదికుంచుకో."

నా జీతం ఎవరి ఇల్లు నడుపుతోందో నేను అడగలేదు. అతని భయం ఉత్తది కాదు, నాకూ ఆ భయం ఉంది. అయినా ప్రశ్న తీయలేదు.

ఆఖరి విడతకు కంప్యూటర్ చీటీలు తీసినట్టు ఇళ్లను ఎంచింది. అందులో మా ఇల్లు వచ్చింది. "వదిలేద్దామా?" అన్నారు సార్. నచ్చని ఇల్లు వదిలితే అది లెక్క కాదన్నాను. నియమం కూడా నేనే పెట్టాను: అడగడానికి వేరేవాళ్లు వెళ్లాలి, నేను నోరు విప్పకూడదు.

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి సర్వే అమ్మాయి స్పందన అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె ఫారం తెరిచిందో లేదో కుమార్ అందుకున్నాడు. "క్రషర్ల పనిజేసేది నేనొక్కన్నే. బట్టలు గాడనే మార్చుకొని వస్త. ఇంట్ల ఎవ్వలకు దుమ్ము తగల్దు."

పచ్చి అబద్ధం. స్పందన అది రాసుకుంటోంది. ఇలా ఎన్ని ఇళ్లలో మగవాళ్లు చెప్పి ఉంటారో అనుకున్నాను. పెదవులు బిగించి గడపలో నిలబడ్డాను.

స్పందన మా అత్త వైపు తిరిగింది. "అవ్వా, ఇగ నీ సంగతి నువ్వే చెప్పాలె. నువ్వేం పని జేస్తవ్?"

చనిపోయిన మా మామది కూడా క్రషర్ పనే. అత్త కొడుకు మొహం చూసింది. తర్వాత నా మొహం చూసింది, చాలాసేపు. కొంగు సర్దుకుని ముందుకు జరిగి కూర్చుంది.

"క్రషర్ పనే బిడ్డా. పెండ్లైనకాడికెల్లి మొగని బట్టలు దులిపిన, ఎనుక కొడుకు బట్టలు దులిపిన. జీతం వాళ్లకిచ్చిండ్రు, దగ్గు నాకిచ్చిండ్రు. రాస్కో."